విజయనగరపు జెట్టి: అతని విద్య, అతని వారసులు

విజయనగర సామ్రాజ్యమును గూర్చి వెలువడిన గ్రంథములకు లెక్కలేదు. రాజులను గూర్చియు, యుద్ధములను గూర్చియు, దేవాలయములను గూర్చియు, ఆస్థానకవులను గూర్చియు పండితులు విరివిగా వ్రాసియున్నారు. కాని ఆ రాజుల దేహములను తీర్చి, ఆ సైనికులకు పట్టును విడుపును నేర్పిన మల్లగురువును గూర్చి విచారించినవారు మిక్కిలి అరుదు. అతనిని ఆ కాలమున ‘జెట్టి’ యనిరి. ఆ జెట్టి నివసించిన రాజధాని యిప్పటి హంపి. ఆ క్షేత్రము చిరకాలము బళ్లారి జిల్లాలో నుండి, 2021లో ఆ జిల్లానుండి విడివడిన విజయనగర జిల్లాలో చేరినది. అతని విద్య యెట్టిది, అది యెచ్చట నిలిచినది, ఎవరు నిలిపిరి అను విషయములను విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్యను కన్నులకు గట్టినట్లు వర్ణించినాడు. రాయలు తెల్లవారకమునుపే లేచి కొలతప్రకారము నువ్వులనూనె త్రాగును. అదే నూనెను ఒడలెల్ల పట్టించుకొని, నడుమునకు చిన్న వస్త్రము మాత్రము బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తును. పిమ్మట కత్తి గైకొని, పట్టించిన నూనె యంతయు చెమటతో వెలికి వచ్చువరకు సాము చేయును. అది ముగిసిన తరువాత తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టును. అటుపిమ్మట గుఱ్ఱమెక్కి మైదానమున నలుదిక్కులకు స్వారి చేయును. ఇది యంతయు సూర్యోదయమునకు ముందే. రాయలు మధ్యమమైన పొడవు గలవాడనియు, సన్నమునకంటె ఒకింత స్థూలమనదగిన దేహము గలవాడనియు, మొగమున మశూచికపు మచ్చలు కలవనియు కూడ పేస్ వ్రాసినాడు. అనగా అతడు స్తోత్రపాఠము చదువుటలేదు. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు చెప్పుచున్నాడు. కావున అతని సాక్ష్యము విలువైనది.

ప్రతిదినము తెల్లవారుజామున చక్రవర్తిని భుజము పట్టి నేలకు వంచుటకు అధికారము గలవాడు ఆ సామ్రాజ్యమున నొక్కడే. అతడు ఆ మల్లుడు. అతని పేరు పేస్ వ్రాయలేదు. రాయల కొలువులో కవిత చెప్పినవారి పేర్లు నేటికిని బడిపిల్లల నోట నున్నవి. అల్లసాని పెద్దనకు రాయలు స్వయముగా గండపెండేరము తొడిగెనని ప్రసిద్ధి. గండపెండేరమనగా శూరుడు కాలికి ధరించు అందె. వీరుని భూషణము కవికి చెందినది. వీరునకు విద్య గఱపినవానికి ఏమి చెందినదో ఫెర్నావో న్యూనిజ్ అను మరియొక పోర్చుగీసు వాడు చెప్పినాడు. ఆ మాట ముందు వచ్చును.

‘జెట్టి’ శబ్దము సంస్కృతమునందలి ‘జ్యేష్ఠ’ శబ్దమునుండి ప్రాకృతముద్వారా వచ్చినదని సామాన్యముగా చెప్పుదురు. తెలుగున ‘జగజెట్టి’ యనుమాట ఇప్పటికిని వాడుకలోనున్నది. దాని వెనుక నొక కులమును, ఒక విద్యయు కలవని వాడువారికి తెలియకపోయినను మాట మాత్రము చావలేదు. ఈ వ్యుత్పత్తికి బలమైన ఆధారము మానసోల్లాసమున దొరకుచున్నది. ఇది కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున రచించిన సంస్కృత గ్రంథము. దానిలో ‘మల్లవినోదము’ అను ప్రకరణమున్నది. అందు మల్లులను వయస్సునుబట్టియు, కాయమునుబట్టియు, బలమునుబట్టియు తరగతులుగా విభజించి, మేటి తరగతివానిని ‘జ్యేష్ఠికు’డని పేర్కొన్నాడు. మల్లులకు పప్పుధాన్యములు, మాంసము, పాలు, చక్కెర, మేలైన పిండివంటలు రాజే సమకూర్పవలెననియు, వారు అంతఃపుర స్త్రీలకు దూరముగా నుండవలెననియు, నిత్యవ్యాయామము విడువరాదనియు ఆ గ్రంథము చెప్పుచున్నది. పట్టుల పేర్లు మాత్రము చెప్పి, పట్టు వేయు విధానమును గ్రంథకర్త విడిచిపెట్టినాడు. చక్రవర్తి పేర్లు వ్రాయగలడు; పట్టు వేసి చూపవలసినవాడు గురువే కదా!

బళ్లారి సీమ ఆ చాళుక్యుల యేలుబడిలోనిది. మొదటి సోమేశ్వరుడు వ్యాధిపీడితుడై 1068లో తుంగభద్రలో జలసమాధి పొందిన కురువత్తి పూర్వపు బళ్లారి జిల్లాలోని గ్రామమే. అతని బిరుదము ‘ఆహవమల్ల’. అతని కుమారుడు ఆరవ విక్రమాదిత్యుడు ‘త్రిభువనమల్ల’. మనుమడు, మానసోల్లాసకర్త, ‘భూలోకమల్ల’. మూడు తరముల చక్రవర్తులు తమను మల్లులనియే పిలిపించుకొనిరి. యుద్ధమునకు ఉపమానము కుస్తీయే యని ఆనాటివారి భావము. తెలుగువారికిని ఈ భావము కొత్తది కాదు. తిక్కన విరాటపర్వమున వంటవాని వేషముననున్న భీముడు జీమూతుని గూల్చిన ఘట్టమును, పోతన భాగవతమున చాణూరముష్టికుల కథను వినని పల్లె యుండదు.

ఇక విజయనగర కాలమునకు వత్తము. పేస్, న్యూనిజుల వ్రాతప్రతులు పారిసు నగరపు గ్రంథాలయమున శతాబ్దములపాటు పడియుండగా డేవిడ్ లోపెస్ అను పండితుడు 1897లో లిస్బనున ప్రకటించినాడు. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి రాబర్ట్ స్యూయల్ వానిని ఆంగ్లీకరించి 1900లో తన విజయనగర చరిత్రతో కలిపి వెలువరించినాడు. అంతకుముందు ఈ మల్లుల ముచ్చట యెవరికిని తెలియదు. రాజవంశముల క్రమమునకును, రాయచూరు యుద్ధమునకును చరిత్రకారులు ఆ గ్రంథమును జల్లెడపట్టిరి. కుస్తీని గూర్చిన వాక్యములు మాత్రము వినోదములక్రింద జమయై చాలకాలము ఎవరికిని పట్టనివయ్యెను.

మహర్నవమి ఉత్సవములు తొమ్మిది దినములు జరుగుచుండెను. రాయలు ఒరిస్సా దండయాత్రనుండి మరలివచ్చి కట్టించినదని పేస్ చెప్పిన ‘విజయగృహ’మును నేటి మహర్నవమి దిబ్బతో పండితులు సమన్వయింతురు. దాని ముందటి విశాలమైన బయలులో సాయంకాలము మల్లుల ఆట ప్రారంభమగును. ఆ కుస్తీ తమ దేశపు కుస్తీవంటిది కాదని పేస్ స్పష్టముగా చెప్పినాడు. అందు దెబ్బలున్నవి. పండ్లు రాలి, కండ్లు పోయి, మొగములు వికృతములగునట్టి దెబ్బలు. మాటపడిపోయినవారిని స్నేహితులు మోసికొనిపోవుచుండుటయు అతడు చూచినాడు. చక్కని పడగొట్టులును కలవు. ప్రొద్దుగ్రుంకగానే దివిటీలు వెలిగించి ఆ బయలును పట్టపగలు చేయుచుండిరి.

పేస్ చెప్పిన మరియొక విషయమును ఇచ్చట ప్రత్యేకముగా గమనింపవలెను. ఆ మల్లులకు నాయకులును, న్యాయనిర్ణేతలును కలరు. జోడు సమముగా నున్నదో లేదో చూచి బరిలోనికి దింపుటయు, గెలిచినవానికి తగిన గౌరవము నిర్ణయించుటయు వారి పని. అనగా అది క్రూరమైన తన్నులాట కాదు. దానికి నియమము కలదు, తూకము కలదు, పెద్దరికము కలదు. ఆ నాయకుడే మనము వెదకుచున్న గురువు. మానసోల్లాసమున చక్రవర్తి వ్రాసిన తరగతుల విభాగమును నాలుగువందల యేండ్ల తరువాత బరిలో అమలుజరుపుచున్నవాడు అతడే.

1535 మొదలు 1537 వరకు గల కాలమున వ్రాసిన న్యూనిజ్ సాక్ష్యము ఇంకను ముఖ్యమైనది. పండుగదినములలో రాజు ఎదుట పోరుటకు వేయిమంది మల్లులు కలరని అతడు చెప్పినాడు. సంఖ్య కొంత యతిశయోక్తి కావచ్చును. వారు చేతులలో మొనలుగల రెండు కడియములవంటి సాధనములు ధరించి వానితో కొట్టుకొని గాయపరచుకొందురట. ఎక్కువ గాయపడినవాడు వెళ్లి రాజునుండి పట్టువస్త్రము బహుమానముగా పొందునట. వారికి ఒక నాయకుడు కలడు. రాజ్యములో వారికి మరి యే కొలువును లేదు. గాయపడినవానికే బహుమానమనుట న్యూనిజ్ పొరపాటో, లేక రక్తము చిందించిన ధైర్యమునకు ఓడినను సన్మానము జరుగు ఆచారమో నిర్ధారించుట కష్టము. రెండవదే సంభావ్యముగా తోచుచున్నది. కవికి గండపెండేరము, జెట్టికి పట్టువస్త్రము — ఇది ఆ కొలువు మర్యాద.

రాజాంతఃపురమున కుస్తీపట్టు స్త్రీలు కూడ కలరని న్యూనిజ్ చెప్పినాడు. లెక్కలు వ్రాయు స్త్రీలను, జోస్యము చెప్పు స్త్రీలను పేర్కొనిన చోటనే వారిని పేర్కొన్నాడు. అది ఆ కొలువున వింతగా ఎంచబడలేదని తెలియుచున్నది. వారికి నేర్పినవారెవరో!

ఇక ఆ మొనలుగల సాధనము ఏమి? దానికి జవాబు న్యూనిజ్ తరువాత రెండువందల డెబ్బది యేండ్లకు మార్క్ విల్క్స్ వ్రాతలో దొరకుచున్నది. ఇతడు 1803 మొదలు 1808 వరకు మైసూరు సంస్థానమున రెసిడెంటుగా నుండి దక్షిణదేశ చరిత్రను 1810, 1817 సంవత్సరముల మధ్య ప్రకటించినాడు. మైసూరు దసరాలో జెట్టులు పోరుటను ఇతడు కన్నులార చూచినాడు. దున్నపోతు కొమ్ముతో చేసి చేతికి సరిగా అమరునట్లు మలచిన ఆయుధమది. పిడికిలి కణుపులు ఉన్నచోట నాలుగు వాడి మొనలు, చిటికెనవ్రేలివైపు వానికన్న పొడుచుకొనివచ్చిన అయిదవ మొన. దీనికి వజ్రముష్టి యని పేరు. జెట్టులు తల గొరిగించుకొని, పూలమాలలు ధరించి, దేవతకు మ్రొక్కి బరిలో దిగుదురు. పోరు మితిమీరినచో రాజు సైగచేసి ఆపును. జెట్టులు ప్రత్యేకమైన కులమనియు, పసితనమునుండియు ఈ సాధనలోనే పెరుగుదురనియు, అంతటి తీర్చిన దేహములు లోకమున మరియెక్కడనైనను కలవో లేవోయనియు విల్క్స్ మెచ్చుకొన్నాడు. ఆ వినోదము క్రూరమనియు ఆతడే అన్నాడు. పేస్ చూచిన దెబ్బలు, న్యూనిజ్ చెప్పిన మొనలు, విల్క్స్ వర్ణించిన కొమ్ము — మూడును ఒకే విద్యకు సాక్ష్యములనుటకు సందేహింపనక్కరలేదు. నవరాత్రి సందర్భమును, రాజసన్నిధియు, నాయకుని పెత్తనమును కూడ సరిపోవుచున్నవి.

హంపిలో రాళ్లును ఈ సాక్ష్యమునే చెప్పుచున్నవి. మహర్నవమి దిబ్బ పలకలపై ఏనుగులు, గుఱ్ఱములు, వేట, నాట్యగత్తెలతోపాటు పెనగులాడు మల్లుల జంటలును చెక్కబడియున్నవి. పేస్ చూచిన ఆట యే దిబ్బముందు జరిగెనో ఆ దిబ్బమీదనే అది శిలారూపమున నిలిచినది. తుంగభద్ర కావలి గట్టున ఆనెగొందివైపు వాలిసుగ్రీవుల కిష్కింధ యని జనశ్రుతి. ద్వంద్వయుద్ధపు కథతో ఆ కొండలు నిండియున్నవి. వ్యాసరాయలు హంపిలో ప్రతిష్ఠించిన యంత్రోద్ధారక హనుమంతుని ఆలయము నేటికిని పూజలందుచున్నది. గరిడిలో తొలి మ్రొక్కు ఆంజనేయునకే చెల్లును.

గరిడి యనగా నేమో నేటి తరమువారికి కొంత చెప్పవలెను. కన్నడమున ‘గరడిమనె’, తెలుగున ‘గరిడి’. తురకల సావాసముచే ‘తాలింఖానా’ అనియు పేరు వచ్చినది. వాకిలి పొట్టిది, వెలుతురు కొంచెము, గోడలు మందము. వంగి లోనికి పోవలెను. గర్వముతో వచ్చినవానికి ఆ వాకిలియే మొదటి పాఠమని వస్తాదులు చమత్కరింతురు. లోపల ఎఱ్ఱమన్ను జల్లించి, నూనె, మజ్జిగ, పసుపు మొదలగునవి కలిపి మెత్తగా చేసిన గోదా ఉండును. మూల గూటిలో ఆంజనేయుడు. ప్రక్కన గదలు, కఱ్ఱలు, రాతిగుండ్లు. శిష్యుడు మొదట గోదా త్రవ్వుటయు, మన్ను తిరుగవేయుటయు నేర్చుకొనును. అది చాకిరి కాదు. నడుమునకును భుజములకును అదియే తొలి సాధన. తరువాత దండీలు, బస్కీలు. అవి వేలకొలది సాగిన పిమ్మటగాని పట్టు చెప్పరు. ‘సాము’ అను తెలుగుమాట సంస్కృతమునందలి ‘శ్రమ’కు తద్భవము. విద్యకు శ్రమయనియే పేరు పెట్టినవారి బుద్ధి మెచ్చదగినది.

జెట్టి గురువునకు గోదావెలుపల మరియొక విద్య కలదు. దెబ్బ కొట్టుట నేర్పినవాడే దెబ్బ మాన్పుటయు నేర్వవలెను. తొలగిన కీలును సరిచేయుట, బెణికిన నరమును తైలముతో తోముట, విఱిగిన యెముకకు కట్టు కట్టుట అతని వంతు. 1909లో దక్షిణదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములు ప్రకటించిన ఎడ్గార్ థర్స్టన్ జెట్టులను తెలుగుకులముగా పేర్కొని, తెలుగు జిల్లాలలో వారు నరముల నొప్పులకు తైలమర్దనము చేయుదురని వ్రాసినాడు. తంజావూరున అరవదేశము నడుమ నుండియు వారు తెలుగే మాటలాడుదురనియు, జందెము ధరింతురనియు, నీచమైన కొలువునకు ఒప్పుకొనరనియు, తంజావూరు రాజుల కాలమున ధనాగారమును ఆభరణాల గదులను కాచుచుండిరనియు, రాజవంశము అంతరించగానే పెక్కురు మైసూరు మొదలగు సంస్థానములకు వలసపోయిరనియు కూడ అతడు చెప్పినాడు. పిడికిలి బలము గలవానిని గజదొంగకు భయపడి కావలి పెట్టుట సహజము. నమ్మకము గలవాడు గనుక పెట్టిరనుట అంతకంటె సరియైన మాట.

ఈ తెలుగు జెట్టులకు ఘూర్జరదేశపు మోఢేరాకు చెందిన ‘జ్యేష్ఠిమల్లు’లతో సంబంధము కలదా యను ప్రశ్న పుట్టినది. వారి కులగ్రంథమైన మల్లపురాణమును సాండేసరా, మెహతా అను పండితులు పరిష్కరించి 1964లో బరోడానుండి ప్రకటించిరి. వారి కులదేవత నింబజ. మైసూరు జెట్టులు కొలుచునదియు నింబజయే. పేరును దేవతయు కలియుట యాదృచ్ఛికమని త్రోసివేయరాదు. అయినను ఎవరు ఎప్పుడు ఎచ్చటినుండి వచ్చిరను కథ అల్లుట తగదు. మల్లులు రాజాశ్రయమును వెదకికొని దేశముల దాటిపోవు జాతి. వారు పోయినచోటి భాషను తమదిగా చేసికొనిరి. దక్షిణమున వారి భాష తెలుగైనది.

1565లో రాక్షసతంగడి యుద్ధముతో రాజధాని కూలినది. రాజులు పెనుకొండకును, పిమ్మట చంద్రగిరికిని తరలిరి. మహర్నవమి దిబ్బముందు మరల దివిటీలు వెలుగలేదు. పండుగకు తప్ప మరి దేనికిని కొలువు లేదని న్యూనిజ్ చెప్పిన ఆ మల్లులకు పండుగయే పోయినది. కవికి తాళపత్రమున్నది, శిల్పికి ఱాయి యున్నది, జెట్టికి దేహము తప్ప మరియొక గ్రంథము లేదు. శిష్యుడు లేనినాడు అతని విద్య అతనితోనే చితికి చేరును. ఈ విద్య అట్లు చావకుండుటకు కారణము 1610లో జరిగిన సంఘటన. రాజ ఒడయరు శ్రీరంగపట్టణమును విజయనగర ప్రతినిధియైన తిరుమలరాజునుండి గైకొని, ఆ యేటనే విజయనగర సంప్రదాయము ననుసరించి నవరాత్రి ఉత్సవములను ప్రారంభించినాడు. పండుగతోపాటు పండుగ జెట్టియు అక్కడ వేళ్లూనినాడు. నలుబదియైదేండ్ల యెడము, అనగా రెండు తరములు. ఆ నడిమి కాలమున దివాణము లేక, పట్టువస్త్రము లేక, ఎక్కడనో గోదా త్రవ్వి కొడుకులకు, మేనల్లుండ్రకు పట్టు చెప్పినవారు కొందఱుండవలెను. వారే లేనిచో విల్క్స్ చూచుటకేమియు మిగిలియుండదు.

ఈ వారసత్వమున ఒక చీకటిపుటయు కలదు. టిప్పు సుల్తాను కాలమున శ్రీరంగపట్టణమున ఖైదీలను మెడ విఱిచి చంపుటకు జెట్టులను నియోగించిరి. 1799 ముట్టడిలో చెఱచిక్కిన ఆంగ్లసైనికులు కొందఱు అట్లే చంపబడిరి. ఎముకను కూర్చ నేర్చిన చేతులు దానిని విఱుచుటకును నేర్చినవే. విద్య ఆశ్రయమిచ్చినవాని యాజ్ఞకు లొంగినపుడు ఇట్టిది తప్పదు. దీనిని దాచి జెట్టి చరిత్ర వ్రాయుట సత్యము కాదు. దీనినే చరిత్రగా వ్రాయుట న్యాయము కాదు. కొందఱు ఆంగ్లరచయితలు రెండవది చేసిరి.

పుట్టినింట మాత్రము ఈ విద్య గతి వేఱు. బళ్లారిసీమ హండె నాయకులు మొదలగు పాళెగాండ్ర వశమైనది. వారి కోటలలో బోయలు, కట్టుబడి బంట్రోతులు కత్తిసాము, కఱ్ఱసాము విడువలేదు. 1800లో నైజాము ఈ సీమను కుంపిణీ వారికి దత్తము చేయగా థామస్ మన్రో తొలి ప్రధాన కలెక్టరై 1807 వరకు పాలించినాడు. ఆనాడు దత్తమండలములలో 80 మంది పాళెగాండ్రును, వారి చేతిక్రింద సుమారు 30,000 మంది ఆయుధపాణులును ఉండిరి. మన్రో కోటలను స్వాధీనపరచుకొని, పాళెగాండ్ర నణచి, బంట్రోతులను నాగలికి మరల్చినాడు. సీమకు శాంతి వచ్చినది, రైతుకు మేలైనది. సాము నేర్పు వస్తాదునకు జీతమిచ్చువాడు మాత్రము లేకపోయెను. అప్పటినుండి గరిడి దివాణమును విడిచి ఊరుమ్మడి సొత్తయినది. ఉగాదికి, జాతరకు రాతిగుండు ఎత్తుట, బండియిరుసు ఎత్తుట, పీర్లపండుగకు కఱ్ఱ త్రిప్పుట — ఇవియే అందు మిగిలినవి. ‘వస్తాదు’, ‘గోదా’, ‘తాలింఖానా’, ‘కుస్తీ’ అను పేర్లను చూచినను, ఈ విద్యను ఇరుమతములవారును కలిసి మోసిరని తెలియును. ఆంజనేయుని గూటిముందు ఉస్తాదుకు దండము పెట్టి దిగుట ఇచ్చటివారికి వింత కాదు.

1953లో అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడునపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరి, బళ్లారి మొదలగు తక్కిన తాలూకాలు మైసూరునకు చేరినవి. ఆ వివాదమున ఇరువైపులవారును శాసనములను, జనసంఖ్యలను చూపి వాదించిరి. జెట్టి మాట ఎవరికిని తోచలేదు. తోచియున్నను వానిని పంచుట సాధ్యమయ్యెడిది కాదు: మాటలాడునది తెలుగు, కొలుచుచోటు కన్నడసీమ, పెరిగినది విజయనగరమున.

ఈ విషయమున చీనాదేశముతో పోల్చి చూచిన లాభము కలదు. అక్కడను మల్లగురువే వైద్యుడు. క్వాంగ్‌టంగ్ రాష్ట్రమున ఫోషాన్ ప్రాంతపు వాంగ్ ఫైహుంగ్ యుద్ధవిద్యలో ఎంత ప్రసిద్ధుడో, విఱిగిన యెముకలను కూర్చుటలోను, మందులంగడి నడుపుటలోను అంత ప్రసిద్ధుడు. ఇరువదవ శతాబ్ది తొలి పాదమున మరణించిన అతని పేరు నేటికిని ఇంటింట వినబడుచున్నది. హువో యువాన్‌జియా పేరుతో 1910లో షాంఘైలో జింగ్వు సంఘము వెలసినది. ఆ యేటనే అతడు మరణించినను సంఘము మరణింపలేదు. అది పాఠములను అచ్చువేసి, ఛాయాచిత్రములు తీయించి, కులముతో పనిలేక వచ్చినవానికెల్ల నేర్పి, చీనావారు కాపురమున్న దేశములకెల్ల ప్రాకినది. గురుశిష్య పరంపరను పేరుపేరున గోడపై వ్రాసి పూజించుట వారి యాచారము. తెలుగుదేశమున ఆ పాటి కీర్తి పొందినవాడు వీరఘట్టమున పుట్టి సర్కసు నడిపి 1942లో గతించిన కోడి రామ్మూర్తి నాయుడు ఒక్కడే. అతనికిని కీర్తి తెచ్చినది గొలుసులు త్రెంచుటయు, ఏనుగును ఱొమ్మున నిలుపుటయు. అతడు శిష్యులకు చెప్పిన పాఠములు కావు. ప్రదర్శనము జ్ఞాపకమున్నది, పాఠము లేదు. జెట్టుల విషయమునను ఇదియే జరిగినది. వారు విద్యను కులముదాటి పోనీయలేదు, గ్రంథమున వ్రాయలేదు. చేటు అందులో కొంత కలదు. కాని నాలుగైదు శతాబ్దములు అది చెడక నిలుచుటకును ఆ కట్టుబాటే కారణమని మఱువరాదు.

నేటికిని విజయదశమినాటి ఉదయమున మైసూరు ప్రాసాదపు ముంగిట వజ్రముష్టి కాళగము జరుగుచున్నది. మైసూరు, చామరాజనగరము, చెన్నపట్టణము, బెంగుళూరు జెట్టికుటుంబములనుండి ఎంపికైన వారు వారములకొలది ముందుగానే సాధన చేయుదురు. పోరుదినమున తల గొరిగించుకొని, చిన్నపిలక మాత్రము విడిచి, చల్లడము బిగించి దిగుదురు. జోడు సమముగా నున్నదో లేదో పెద్దజెట్టులు చూతురు. ఆయుధమును పిడికిలికి కట్టుదురు. తలపై మొదటి రక్తబిందువు కనబడగానే పెద్దలు నడుమ దూకి ఇద్దఱిని విడదీయుదురు. పెక్కుసార్లు అది నిమిషములోపలనే ముగియును. ఆ వెంటనే రాజవంశీయులు శమీపూజకు బయలుదేరుదురు. చూడవచ్చిన జనము గుంపు కలియకముందే, గాయపడినవాని తలకు ఆ పెద్దజెట్టియే పసుపు అద్ది కట్టు కట్టును.